డేరా గుడ్డ ఎత్తి చూసిన నాటకం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, పోటీ పరీక్షల పుస్తకాలు కాసేపు మూసిపెట్టి వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. టీవీ సిరీస్‌లను డబ్బు కట్టకుండా దొంగ లింకుల్లోంచి డౌన్‌లోడ్ చేసుకుని చూడటం తప్పా, ఒప్పా అన్న ప్రశ్న మీద నన్ను మాట్లాడమన్నారు. నేను పద్దెనిమిదేళ్లుగా హైదరాబాదులో సీరియళ్లకు సంభాషణలు రాస్తూ, ఈ ఏడెనిమిదేళ్లుగా ఇతర భాషల వెబ్ సిరీస్‌లకు తెలుగు డబ్బింగు మాటలు రాస్తూ బతుకుతున్నవాణ్ని. చందా కట్టి చూసేవాళ్ల డబ్బులోంచే నా ఇల్లు గడుస్తుంది కనుక నా జవాబు ముందే తెలిసిపోయిందని మీలో కొందరికి అనిపించవచ్చు. తప్పనే అంటాను. అయితే అది ఎందుకు తప్పు, ఎవరి పట్ల తప్పు, ఏ సందర్భంలో తప్పు కాకుండా పోతుంది అన్న విషయాల్లో, మా పరిశ్రమవాళ్లు వేదికల మీద చెప్పే మాటలతో నాకు పేచీ ఉంది. ఆ పేచీని కూడా ఇవాళ మీ ముందు పెడతాను.

మొదట ఒక చిన్న మాట గురించి చెప్పాలి. మూడేళ్ల కిందట ఎనిమిది ఎపిసోడ్ల హిందీ సిరీస్ ఒకటి తెలుగు మాటల కోసం నా దగ్గరకు వచ్చింది. అందులో ఇల్లు వదిలి వెళ్లిపోతున్న కూతుర్ని తండ్రి గుమ్మం దగ్గర ఆపుతాడు. "రుక్ జా, బేటీ" అంటాడు, అంతే. నేను "ఆగు తల్లీ" అని రాసి పంపాను. అర్థం కుదిరింది, పొడవు కుదిరింది. కానీ స్టూడియోలో తెర మీద చూస్తే నటుడు "బే" అనేచోట పెదవులు కలిపి విడుస్తున్నాడు, మా డబ్బింగు కళాకారుడి గొంతులో సరిగ్గా అక్కడ "త" పలుకుతోంది. కెమెరా ముఖానికి అంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ తేడా చూసేవాళ్లకు తెలియకుండానే గుచ్చుకుంటుంది. మూడో అక్షరం ప, బ, మల్లో ఏదో ఒకటి కావాలి, చివర ఈకారం ఉండాలి. "ఆగవమ్మా" అంటే పెదవులు కలవలేదు, "ఆగు పాపా" అంటే పసిపిల్లను పిలిచినట్టయింది. సాయంత్రానికి "ఆగు బుజ్జీ" దొరికింది. ముప్పై ఏళ్లు దాటిన కూతుర్ని ఆ తండ్రి ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరుతో పిలిచేసరికి, మైకు ముందున్న కళాకారుడి గొంతు తనంతట తానే మెత్తబడింది. మూలంలో లేని తడి ఒకటి ఆ సన్నివేశానికి వచ్చింది. పూట పని మొత్తానికి తెర మీద మిగిలేది ఒక్క సెకను.

ఆ సిరీస్ ఒక గురువారం అర్ధరాత్రి విడుదలైంది. తెల్లవారి ఆరు గంటలకు మా బావమరిది నుంచి మెసేజి వచ్చింది: "బావా, నువ్వు రాసిన సిరీస్ రాత్రంతా కూర్చుని చూసేశాను, ఆ తండ్రీకూతుళ్ల సీన్ దగ్గర ఏడిచాను, ఇదిగో లింకు." టెలిగ్రామ్ గ్రూపులోని లింకు అది. నొక్కి చూశాను. మొదట్లో పడే పేర్లు మొత్తం కోసేసి, ఆ చోట ఒక బెట్టింగు యాప్ ప్రకటన అతికించారు. గుమ్మం దగ్గరి సన్నివేశం వచ్చేసరికి అదే యాప్ పేరు తెర అడుగున కుడి నుంచి ఎడమకు పాకుతూ పోతోంది. "ఆగు బుజ్జీ" అన్న మాట దాని మీదుగా వినిపించింది.

మా బావమరిది మంచివాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, చక్కటి జీతం, ఎవరింట్లో ఏ అవసరమొచ్చినా ముందుండే మనిషి. దుకాణంలో చిల్లర ఎక్కువిస్తే వెనక్కి వెళ్లి ఇచ్చి వచ్చే రకం. నా మీద ప్రేమతో రాత్రంతా మేలుకుని చూశాడు, ఆ ప్రేమతోనే లింకు పంపాడు. అతడు నా దగ్గర్నుంచి ఏం తీసుకున్నాడు అన్న ప్రశ్న ఆ ఉదయం నన్ను పట్టుకుంది. ఈ మూడేళ్లలో దాన్ని చాలాసార్లు వేసుకుని చూశాను.

లెక్క ప్రకారం చూస్తే, ఏమీ తీసుకోలేదు. నా డబ్బు ఎపిసోడుకింత అని ముందే మాట్లాడుకున్నది, విడుదలకు ముందే ముట్టింది. మైకు ముందు నిలబడ్డ కళాకారుడికీ అంతే. సెట్టులో లైట్లు మోసిన కుర్రాడికి ఆ పూట బేటా, అంటే కూలీ, ఆ పూటే ఇచ్చేశారు. పైరసీ అంటే లైట్‌బాయ్ పొట్ట కొట్టడమని మా సభల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది, కానీ ఆ కుర్రాడి కూలీకీ నువ్వు నొక్కిన లింకుకూ నడుమ అంత తిన్నని దారి లేదు. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ సినిమాల్లోని పాటలకూ సంగీతానికీ కర్తలైనవాళ్లకు రాయల్టీ విషయంలో గట్టి హక్కే ఇచ్చింది గానీ, డబ్బింగు మాటలు రాసే నాలాంటివాడి చేతికి ఇంతవరకూ ఆ బాపతు రూపాయి రాలేదు. పనివాళ్లకు రాయల్టీ పంచని పరిశ్రమ, ప్రేక్షకుడికి నీతి చెప్పేటప్పుడు మాత్రం ఆ పనివాళ్ల పేరు వాడుకోవడం నాకు నచ్చదు. ఇది ఆ పరిశ్రమలో ఉండే చెబుతున్నాను.

మరి పోయిందేమిటి? ఆ సిరీస్‌కు రెండో సీజన్ రాలేదు. పైరసీ వల్లే రాలేదని నేను చెప్పలేను, ఎందుకు రాలేదో మాబోటివాళ్లకు ఎవరూ చెప్పరు. కానీ ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో కొంత తెలుసు. ఎందరు మొదలుపెట్టారు, ఎందరు చివరిదాకా చూశారు, దీనికోసం కొత్తగా ఎందరు చందా కట్టారు అన్న అంకెలు ఒక బల్ల మీదికి వస్తాయి. రాత్రంతా మేలుకుని చూసి కన్నీళ్లు పెట్టుకున్న మా బావమరిది ఆ అంకెల్లో లేడు. సగం చూసి విసుగొచ్చి కట్టేసినవాడు ఉన్నాడు. ఒక పనిని నిజంగా మెచ్చుకున్నవాడే ఆ పని భవిష్యత్తు తేల్చే లెక్కలో లేకుండా పోవడం నన్ను డబ్బు నష్టం కన్నా ఎక్కువగా బాధించింది. అతడు నాకిచ్చిన మెచ్చుకోలు నా ఫోనులోనే ఉండిపోయింది.

పాత ఛానళ్ల సంగతి వేరు. ప్రకటనల మీద నడిచే సీరియల్‌ను వీక్షకుల లెక్కలు తీసే బార్క్ సంస్థ కొన్ని పదుల వేల ఇళ్లలో పెట్టిన మీటర్లు లెక్కగడతాయి. మీటరు లేని ఇంట్లో ఎవరు చూసినా, మానినా ఆ లెక్కకు తేడా రాదు. చందా కట్టి చూసే సిరీస్‌లలో ప్రతి ఇల్లూ మీటరే. కనుక దొంగ ప్రతి చూసినవాడి గైర్హాజరుకు చందా సిరీస్‌లలో ఉన్నంత బరువు పాత ఛానళ్లలో లేదని నేను ఒప్పుకుంటాను. కేవలం చట్టం దృష్టితో చూసేవారు ఈ తేడాను పట్టించుకోరు.

నా చిన్నప్పుడు మా ఊరికి నాటకాల డేరాలు వచ్చేవి. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన సమాజం పేరు మీరంతా విన్నదే, మా ఊరికి వచ్చేది ఆ ఒరవడిలో తిరిగే చిన్న బృందం. గేటు దగ్గర రేకు పెట్టె పెట్టుకుని ఒక ముసలాయన టికెట్లు చింపేవాడు. డబ్బులేని పిల్లలం డేరా గుడ్డ ఎత్తి, పొట్ట మీద పాకి లోపలికి దూరేవాళ్లం. ఆ ముసలాయనకు ఈ సంగతి తెలుసు. రెండో అంకం మొదలయ్యాక ఒకసారి డేరా చుట్టూ తిరిగి వచ్చేవాడు, మా కాళ్లు కనిపించినా ఏమీ అనేవాడు కాదు. ఒకనాటి రాత్రి మాతోపాటు బియ్యం మిల్లు యజమాని కొడుకు కూడా దూరాడు. అప్పటికి మీసాలొచ్చిన మనిషి, జేబులో డబ్బులున్నాయి. ముసలాయన వంగి చూసి, మమ్మల్నందరినీ వదిలేసి, "బాబూ, మీరు గేటులోంచి రండి" అన్నాడు. గద్దించలేదు, గౌరవంగానే అన్నాడు. ఆ మాట మిల్లు యజమాని కొడుకుని ఎంత కుదిపిందో నాకు తెలియదు గానీ, నలభై ఏళ్లు గడిచాక కూడా నా చెవిలో ఉంది. మా చేతిలో లేనిది అతడి చేతిలో ఉంది కనుక, ఒకే డేరా గుడ్డ ఎత్తినా మేము చేసినదీ అతడు చేసినదీ ఒకటి కాదని ఆ ముసలాయన తేల్చేశాడు. చట్టపుస్తకం ఏదీ చూడకుండానే తేల్చాడు. ఈ ప్రశ్నకు నేను చదివిన జవాబులన్నింటిలోకీ ఇదే నాకు సరైనదనిపిస్తుంది.

ఇప్పటి డేరా అప్పటిలా లేదు. ఇవాళ డేరాకు రంధ్రం చేసి, ఆ రంధ్రం దగ్గర కూర్చుని వ్యాపారం చేసేవాడు ఒకడున్నాడు. మీ దగ్గర టికెట్టు డబ్బు అడగడు, కాబట్టి ఉచితమనిపిస్తుంది. ఆ సైటు తెరిచినప్పుడు పైన, కింద, పక్కన తెరుచుకునే ప్రకటనలు, వీడియో మీద పాకే బెట్టింగు యాప్ పేరు, ఇవన్నీ అతడికి ఆదాయం. మా కష్టం మీద సంపాదిస్తూ, మా పేర్లు కోసేసి, మా ప్రేక్షకుణ్ని జూదం అంగడి వైపు నడిపిస్తున్నాడు. ఈ రాష్ట్రాల్లో బెట్టింగు యాప్‌లలో అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు మీరు పేపర్లలో చదువుతూనే ఉన్నారు. ఉచితంగా చూస్తున్నామనుకునేవాళ్లు ఆ అంగడికి జనాన్ని చేరవేసే బండిలో కూర్చున్నారన్న సంగతి మా బావమరిదికి చెప్పినప్పుడే, మొదటిసారి అతడి ముఖం మారింది. నా నష్టం గురించి చెప్పినంతసేపూ నవ్వుతూ విన్నాడు.

టొరెంటు వాడేవాళ్లు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామరు 2001లో తయారుచేసిన ఆ పద్ధతిలో, ఫైలు ఒకేచోట నుంచి రాదు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఎవరి దగ్గర ఏ ముక్క ఉంటే అది తీసుకుంటూ, తమ దగ్గరికి వచ్చిన ముక్కను అప్పటికప్పుడే ఇంకొకరికి ఇస్తూ పోతారు. పద్ధతిగా చూస్తే ఎంతో తెలివైనది, ఉచిత సాఫ్ట్‌వేరును పంచడానికి ఇప్పటికీ వాడుతున్నారు. అయితే సిరీస్‌ను దించుకునేవాడు కేవలం దించుకోవడం లేదు, దించుకుంటూనే పంచుతున్నాడు. డేరాలోకి దూరినవాడు వెనకవాళ్ల కోసం గుడ్డ ఎత్తి పట్టుకుని నిలబడటం లాంటిది. "నేనొక్కణ్ని చూస్తే ఏం పోతుంది" అనే మాట ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ ఒక్కడు ఒక్కడుగా లేడు.

ఇక చట్టం మాట. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. తెలిసి తెలిసి హక్కుల్ని ఉల్లంఘించినవాళ్లకు 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ సినిమాల పైరసీకి ఇంకా కఠినమైన జరిమానాలు పెట్టింది. కానీ చూసేవాడి విషయంలో చట్టం మనం అనుకున్నంత కరుకుగా లేదు. 2016లో, అడ్డుకున్న సైటు తెరిస్తే చాలు, చూడటం కూడా మూడేళ్ల జైలుశిక్షకు తగిన నేరమన్నట్టుగా ఒక హెచ్చరిక తెర మీద కనపడి దేశమంతా కలవరం రేగింది. దాని మీద బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ గౌతమ్ పటేల్, దొంగ ప్రతిని చూసినంత మాత్రాన అది నేరం కాదని, అనుమతి లేకుండా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మకానికో అద్దెకో ఇవ్వడం లాంటివే నేరమని స్పష్టం చేశారు. ఇంట్లో దించుకుని దాచుకున్న ప్రతికి "వ్యక్తిగత వినియోగం" అన్న మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయవాదులు వాదించుకునే విషయం. సైట్లను మూయించడంలోనూ కోర్టులు తంటాలు పడుతున్నాయి. ఒక చిరునామా మూస్తే మర్నాటికి ఇంకో పేరుతో అదే సైటు తెరుచుకుంటుంది కనుక, అలాంటి కొత్త చిరునామాలను ప్రతిసారీ కొత్త దావా వేయకుండానే పాత ఉత్తర్వులో చేర్చే ఏర్పాటును ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో చేసింది. జైలు భయమొక్కటే మన నీతికి ఆధారమైతే, పట్టుబడని ఇంటివాడికి నీతే అక్కర్లేదు. అందుకే చట్టం గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పను.

"కాపీ చేస్తే అసలు అక్కడే ఉంటుంది కదా, దొంగతనం ఎలా అవుతుంది?" అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. వస్తువును ఎత్తుకుపోవడం, బొమ్మను నకలు తీయడం ఒకటి కావు. అమెరికాలో వీడియో రికార్డరు వచ్చిన కొత్తలో, టీవీలో వచ్చే కార్యక్రమాన్ని ఇంట్లో రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవడం కూడా దోపిడీయేనని స్టూడియోలు సోనీ సంస్థ మీద దావా వేశాయి. 1984లో వాళ్ల సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా, అది న్యాయమైన వినియోగమేనని తీర్పు ఇచ్చింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఇంట్లో రికార్డు చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన అయ్యేది. పరిశ్రమ ఏది వద్దన్నా అది పాపమైపోదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. కానీ ఆ కేసులో ఇంటివాడు తన ఇంటికి వచ్చిన ప్రసారాన్నే రికార్డు చేసుకున్నాడు. డేరాలో టికెట్టు కొని కూర్చున్నవాడు, నిద్ర ముంచుకొచ్చి, ఆ అంకాన్ని రేపు చూస్తాననడం లాంటిది అది.

గ్రంథాలయంలో ఉచితంగా చదవడం లేదా అని కూడా అడుగుతారు, ఈ ప్రాంగణంలో ఆ మాటకు తప్పక జవాబు చెప్పాలి. మీరు ఇక్కడ చదివే పుస్తకానికి డబ్బు చెల్లింది. మీ ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు, ఆ డబ్బుతోనే ఈ అలమరాలు నిండుతున్నాయి. సెస్సు కట్టని పాక ఇంటి పిల్లవాడికి కూడా కట్టినవాడితో సమానంగా కుర్చీ వేస్తున్నాం. ఊరు ఊరంతా కలిసి ఆ పిల్లవాడికి టికెట్టు కొనిపెట్టినట్టు. రాసినవాడికి, అచ్చువేసినవాడికి తెలిసి, వాళ్లు ఒప్పుకుని జరిగే పంపకం ఇది. దొంగ లింకులో లేనిది ఆ ఒప్పుకోలు.

ఇప్పుడు 2017 నాటి సంగతి ఒకటి చెబుతాను, ఎందుకంటే మన దేశంలోనే జరిగింది, మా పని పద్ధతిని మార్చేసింది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే అమెరికన్ సిరీస్ మీలో చాలామందికి తెలుసు. ఏళ్ల తరబడి ప్రపంచంలో అత్యధికంగా పైరసీకి గురైన సిరీస్‌గా పేరుపడింది. దాన్ని తీసిన హెచ్‌బీవోకు మాతృసంస్థ అయిన టైమ్ వార్నర్ అధిపతి జెఫ్ బ్యూకస్ 2013లో, ఆ పేరు రావడం టీవీ రంగానికిచ్చే ఎమ్మీ అవార్డు కన్నా గొప్ప అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ మాటను పట్టుకుని పైరసీ మంచిదేనని వాదించేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. కోట్లాది చందాదారులున్న సంస్థ అధిపతి తన సరుకు గురించి అలా అనగలడు, అనే హక్కు అతడికి ఉంది. ఎనిమిది ఎపిసోడ్లు తీసి అప్పులో కూరుకుపోయిన తెలుగు నిర్మాత తరఫున ఆ మాట అనే హక్కు మరొకరికి లేదు.

2017 ఆగస్టులో ఆ సిరీస్ ఏడో సీజన్ నాలుగో ఎపిసోడు ప్రసారానికి కొద్ది రోజుల ముందే ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అదే వేసవిలో హెచ్‌బీవో కంప్యూటర్ల మీద దాడి జరిగింది గానీ, ఈ ఎపిసోడు అలా పోయినది కాదు. బయటికొచ్చిన ప్రతి మీద, మన దేశంలో ఆ సిరీస్‌ను చూపించే స్టార్ ఇండియా గుర్తు ఉంది. స్టార్ ఇండియా తరఫున వీడియో పనులు చూసే ముంబయి సంస్థ లోపలి నుంచే వెళ్లిందని తేల్చి, పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. ఆ సంస్థలో అప్పుడు పనిచేస్తున్నవాళ్లు, గతంలో పనిచేసినవాళ్లు. అప్పటికే హాట్‌స్టార్‌లో నెలకు 199 రూపాయలు కడితే అమెరికాతోపాటే సోమవారం ఉదయం ఆ ఎపిసోడును కోతల్లేకుండా చూడవచ్చు. అంటే దారి ఉంది, ధర అందనంత ఎత్తులో లేదు, రెండు మూడు రోజులు ఆగితే చాలు. అయినా ఆ ప్రతిని దించుకున్నవాళ్లు దేశమంతటా ఉన్నారు. దొరక్క చూశామన్న సాకు వాళ్లకు లేదు.

ఇలాంటివి జరిగాక మా గదులు మారిపోయాయి. ఇప్పుడు డబ్బింగుకు వచ్చే ప్రతి మీద అడ్డంగా, అందుకున్నవాడి పేరు ముద్రపడి వస్తుంది. ఫోన్లు బయట పెట్టి లోపలికి వెళ్లాలి. అతి జాగ్రత్త చూపించే వాటిలో బొమ్మంతా నల్లగా కప్పేసి, మాట్లాడుతున్న పాత్ర ముఖం దగ్గర మాత్రం గుండ్రంగా కాస్త వదులుతారు. ఒక తల్లి మాట్లాడుతూ ఉంటుంది. ఆమె ఎదుట ఎవరున్నారో, ఆమె చేతిలో ఏముందో, అది ఇల్లో ఆస్పత్రో నాకు తెలియదు. ఆమె పెదవులు మాత్రం కనిపిస్తాయి. వాటికి తెలుగు మాట అతకాలి. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతుర్ని చూశాను కాబట్టే నాకు "బుజ్జీ" దొరికింది. నల్ల తెరలో ఆ గుమ్మం కనపడకపోతే "ఆగు తల్లీ" దగ్గరే ఆగిపోయేవాణ్ని, లేదా పెదవులకు సరిపోయే మాట ఏదో ఒకటి వేసి పంపేసేవాణ్ని. తెలుగు డబ్బింగు ప్రాణం లేకుండా ఉందని మీరు విసుక్కున్న కొన్ని సందర్భాల వెనుక ఇది ఉంది. అనుమానం పెరిగిన చోట పని నాణ్యత తగ్గుతుంది, ఆ నష్టం డబ్బు కట్టి చూసేవాళ్లకే ఎక్కువ తగులుతుంది.

ఇంతసేపూ ఎదుటివాళ్ల గురించి మాట్లాడాను. ఇక నా సంగతి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2011లో మొదలైంది. మొదటి నాలుగు సీజన్లు నేను టొరెంటులోనే చూశాను. మన దేశంలో టీవీలో వచ్చినప్పుడు కోతలతో వచ్చేది, కోయకుండా చూసే దారి నాకు తెలిసినంతలో లేదు. ఒక పాత్ర గదిలోకి వచ్చి కూర్చుని, అసలు విషయం ఎత్తకుండా పది నిమిషాలు మాట్లాడి, ఆ మాట్లాడకపోవడంలోనే బెదిరించి వెళ్లే సన్నివేశాలు అలా చూసే నేర్చుకున్నాను. ఈ వృత్తిలో నాకు దొరికిన చదువులో కొంత భాగం ఆ ఫైళ్లలోంచి వచ్చింది. దాన్ని నేను దాచను. అప్పుడు నేను డేరా గుడ్డ ఎత్తిన పిల్లవాణ్నా, మిల్లు యజమాని కొడుకునా అని ఎన్నోసార్లు ప్రశ్న వేసుకుని చూశాను. గేటు లేదు కనుక మొదటి రకమేననిపిస్తుంది. కానీ 2016లో హాట్‌స్టార్‌లో గేటు తెరిచాక కూడా, అలవాటు కొద్దీ ఇంకొన్నాళ్లు గుడ్డే ఎత్తాను. ఆ కొన్నాళ్లకు నా దగ్గర సమాధానం లేదు. దారి లేని రోజుల్లో పట్టిన అలవాటు దారి వచ్చాక కూడా మనల్ని వదలదు. పైరసీలో నాకు అన్నిటికన్నా భయం గొలిపేది ఇదే.

పరిశ్రమ చేతిలో ఉన్నది కూడా ఇక్కడే ఉంది. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో మొబైలు చందాను 199 నుంచి 149 రూపాయలకు తగ్గించింది. 2020 ఉగాదికి తెలుగువాళ్లకోసమే ఆహా వచ్చింది. గేటు వెడల్పయినకొద్దీ గుడ్డ ఎత్తే అవసరం తగ్గుతుంది. అదే సమయంలో ఒక సిరీస్ ఒకచోట, దాని తర్వాతి సీజన్ ఇంకొకచోట, క్రికెట్ మరొకచోట అయ్యేసరికి, మామూలు ఇంటికి నాలుగైదు చందాలు నెత్తిన పడుతున్నాయి. గల్ఫ్‌లో పనిచేసే మన నిర్మాణ కార్మికుడు తన ఊరి భాషలో సిరీస్ చూద్దామని తెరిస్తే, "ఇది మీ దేశంలో లభ్యం కాదు" అన్న మాట కనిపించే సందర్భాలున్నాయి. అలాంటివాడు లేబర్ క్యాంపులో ఎవరో పంపిన ఫైలు చూస్తే అతణ్ని దొంగ అనడానికి నాకు నోరు రాదు. మా ఇంట్లో మేము నెలకొక చందానే కడతాం. ఈ నెల ఒకటి, అందులో చూడాల్సినవి చూసి, వచ్చే నెల మరొకటి. ఒకేసారి అన్నీ చూడకపోతే ఏమీ కాదు. అంత ఓపిక కూడా లేదనే జీతగాడికి మాత్రం, ముసలాయన మాటే చెబుతాను: గేటులోంచి రండి.

చివరిగా ఒక విద్యార్థి నాకు రాసిన ప్రశ్న. చందా కట్టి ఇష్టపడి చూసిన ఒక సిరీస్‌ను ఆ సంస్థే తన జాబితాలోంచి తీసేసింది. డిస్కు లేదు, ఇంకెక్కడా అమ్మడం లేదు. దాని దొంగ ప్రతి అతడి హార్డ్‌డిస్కులో ఉంది. ఉంచుకోవాలా, చెరిపేయాలా? ఇది ఊహించుకున్న ఇబ్బంది కాదు. డిస్నీ ప్లస్ 2022 నవంబరులో మొదలుపెట్టిన విల్లో అనే సిరీస్‌ను, ఆరు నెలలు తిరక్కుండానే 2023 మే నెలలో తీసేసింది. కొన్నేళ్ల కష్టం, వందలమంది పని, గేటు మూసేసి డేరా విప్పుకుని పోయినట్టు మాయమైంది. 1960, 70లలో బ్రిటన్‌లో బీబీసీ తన డాక్టర్ హూ సిరీస్ టేపుల్ని చెరిపేసింది. తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ ఇవాళ్టికీ లేదు. కానీ వాటి శబ్దం మాత్రం మొత్తం మిగిలింది, ఎందుకంటే టీవీ ముందు టేపురికార్డరు పెట్టుకుని కొందరు అభిమానులు తమ ఇళ్లలో రికార్డు చేసి దాచారు. ఆనాడు వాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. ఇప్పుడు ఆ సంస్థే ఆ శబ్దాన్ని అపురూపంగా వాడుకుంటోంది.

ఆ విద్యార్థికి ఉంచుకోమనే రాశాను. అమ్మవద్దు, టెలిగ్రామ్‌లో పెట్టవద్దు, కానీ చెరపవద్దు అన్నాను. ఆ జవాబు రాసేటప్పుడు నాకు ఈ గ్రంథాలయమే గుర్తుకొచ్చింది. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరికొన్ని గ్రంథాలయాలకూ ముప్పై రోజుల్లోగా పంపాలి. పుస్తకం అంగట్లో దొరక్కపోయినా, ప్రచురణ సంస్థ మూతబడినా, ఒక ప్రతి ఎక్కడో అలమరాలో ఉంటుంది. తెలుగులో తీసిన సిరీస్‌కు, తెలుగు గొంతు పోసుకున్న సిరీస్‌కు ఆ ఏర్పాటు లేదు. ఇక్కడున్న గ్రంథాలయోద్యమం పెద్దలు దాన్ని అడగాలని నా కోరిక. ఆ అలమరా కట్టేదాకా, ఆ కుర్రాడి హార్డ్‌డిస్కును చెరిపేయమని నేను చెప్పలేను.

నమస్కారం.